గోడ మీది వలయం

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఆమెను అందరూ ‘నిదానం’ అని పిలిచేవారు. ఫోనులో అవతలి మనిషి ఎంత గొంతు చించుకున్నా ఆమె గొంతు తొణికేది కాదు. “మీరు చెప్పండి, నేను వింటున్నాను. ముందు మీరున్న చోటు చెప్పండి,” అనేది. కిందపడిపోయిన వాళ్ళ పక్కన కూర్చుని వలవలా ఏడుస్తున్న వాళ్ళు కూడా ఆ గొంతు విని కాస్త తేరుకుని వీధి పేరు చెప్పేవారు.

ఆ నిదానమంతా చెవులకు హెడ్‌ఫోన్ ఉన్నంతసేపే. అది తీసి బల్ల మీద పెట్టగానే ఎక్కడలేని భయమూ వచ్చి మీద కూర్చునేది. ఇంట్లో గిన్నె జారి పడినా ఉలిక్కిపడేది. కాలింగ్ బెల్ మోగితే గుండె దడదడలాడేది. అత్తగారు స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపు దగ్గరే నిలబడి, “అత్తయ్యా, బాగానే ఉన్నారా?” అని అడిగేది.

“నా స్నానానికి కూడా నీ డ్యూటీయేనా అమ్మాయ్?” అనేది ఆవిడ లోపలినుంచి.

భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవాడు. ఆయన దగ్గర నేర్చుకుని రోడ్డెక్కిన వాళ్ళు ఊళ్ళో ఏ మూల చూసినా తగిలేవారు కాబట్టి అందరికీ ఆయన మాస్టారే. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చునేవాడు. తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. ఎవరేం చేసినా గాభరాపడే మనిషి కాదు. అలాంటివాడు ఈ మధ్య చిరాకు పడుతున్నాడు. కారు ఎడమ పక్క తలుపు మీద పొడుగ్గా గీత పడింది. ఎవరో నేర్చుకునే అమ్మాయి గోడకు రాసేసిందన్నాడు. ఇంకో రోజు సైకిల్ మీద వెళ్ళేవాడు అడ్డం వచ్చాడనీ, త్రుటిలో తప్పిందనీ, నేర్చుకునే కుర్రాడు కళ్ళు నెత్తిన పెట్టుకుని నడిపాడనీ విసుక్కున్నాడు.

ఆమె అదంతా విని, ఆయనకు పని ఎక్కువైందనుకుంది. తనకు కూడా ఎక్కువైందనుకుంది. ఇల్లంతా ఏదో తెగడానికి సిద్ధంగా ఉన్న తాడులా ఉంది.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఆమె కంటే పెద్దది, ఈ ఉద్యోగంలోనే తల నెరిసింది. ఒకరోజు క్యాంటీన్‌లో ఎవరో కుర్చీ లాగిన చప్పుడుకే ఆమె ఉలిక్కిపడడం చూసి, “ఇంట్లో కళ్ళు ఆనించడానికి ఒక చోటు ఉందా నీకు?” అని అడిగింది.

“టీవీ ఉంది.”

“టీవీ కాదే తల్లీ. కదలనిది. మా ఇంట్లో గోడకి ఒక బొమ్మ పెట్టుకున్నాను. మనిషీ కాదు, చెట్టూ కాదు, ఉత్త రంగులు. గీసినాయన ధ్యానంలాగా గీశాడట. దానికేసి చూస్తే ఎవరూ గుర్తుకు రారు. అదే కదా మనకి కావాల్సింది.”

ఆ దుకాణం ఎక్కడో కూడా చెప్పింది.

సెలవు రోజు ఆమె ఒక్కతే వెళ్ళింది. దుకాణం లోపల గోడలన్నీ బొమ్మలే. కొన్ని నేలమీద ఒకదానికొకటి ఆనించి పెట్టి ఉన్నాయి. త్రికోణాల పైన త్రికోణాలు, నీలం మీద తేలే చుక్కలు, పొగలా పైకి లేచే బంగారు రంగు. దుకాణం నడిపే ఆవిడ మెడలో కళ్ళద్దాలు వేలాడేసుకుని, ఫ్రేముల మూలలు గుడ్డతో తుడుస్తోంది.

“ఇవన్నీ నకళ్ళేనమ్మా,” అంది ముందుగానే. “అసలువి మ్యూజియముల్లో ఉంటాయి. అయితే రంగులు మాత్రం దగ్గర దగ్గరగా అచ్చు వేస్తారు. మీకు ఏ గదిలోకి?”

“ముందు గదిలోకి. చూస్తే ప్రశాంతంగా ఉండాలి.”

అడిగేసింది గానీ, ఏది చూసినా ఏదో ఒకటి తోచింది. ఎర్ర రంగు ఎక్కువున్నది చూస్తే ముందురోజు ఫోనులో విన్న ప్రమాదం గుర్తొచ్చింది. తెల్లటి నిలువు గీతలున్నది చూస్తే ఆసుపత్రి తెరలు గుర్తొచ్చాయి. చుక్కలున్నదైతే, కంట్రోల్ రూమ్ తెరమీద బండ్లు ఎక్కడున్నాయో చూపించే చుక్కల్లాగే ఉన్నాయి. ఇంతమంది మనసు కుదుటపడడానికి కొనుక్కునే బొమ్మలు తనకు మాత్రం దడ పుట్టిస్తున్నాయంటే తనలోనే ఏదో మరమ్మతు చేయాల్సింది ఉందేమో అనిపించింది.

ఆఖరికి మూల గోడకున్న ఒక బొమ్మ దగ్గర ఆగింది. ముదురు నీలం నేల. దాని మధ్యలో పెద్ద వలయం. వలయంలో వలయం, దానిలో ఇంకొకటి, లోపలికి పోయేకొద్దీ పసుపు పల్చబడుతూ పోయి నడిబొడ్డున తెల్లటి బిందువు. ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంది. ఆమె ఊపిరి దానంతటదే నెమ్మదించింది.

“దీనికి అద్దం వద్దు,” అంది దుకాణం ఆవిడ. “అద్దం ఉంటే మీ ట్యూబ్‌లైటే కనిపిస్తుంది. చుట్టూ తెల్ల అట్ట, సన్నటి నల్ల చెక్క ఫ్రేము చాలు. ఇంటికెళ్ళాక నచ్చకపోతే తీసుకురండి, మార్చి ఇస్తాను.”

ఆ మాటతో ఆమెకు ధైర్యం వచ్చింది. ఆటోలో ఆ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, దారిపొడుగునా అత్తగారు ఏమంటుందో, మాస్టారు ఏమంటాడోనని సమాధానాలు కూర్చుకుంది.

అత్తగారు కట్టు విప్పేదాకా ఆగి, అటు వంగి ఇటు వంగి చూసింది. “ఏమిటమ్మాయ్ ఇది? పొయ్యి మీద పెనమా?”

“ధ్యానం బొమ్మ అత్తయ్యా. చూస్తే మనసు నెమ్మదిస్తుందట.”

“మనసు సంగతేమో గానీ, చూడగానే ఆకలేస్తోంది,” అందావిడ.

మాస్టారు చొక్కా చేతులు మడుచుకున్నాడు. డ్రిల్లింగ్ మెషీన్ తెచ్చి, స్టూలెక్కి సోఫాకు ఎదురుగోడకు కన్నం పెట్టి, మేకు బిగించి బొమ్మ తగిలించాడు. దిగి వెనక్కి వస్తూ ఎడమ భుజం తలుపుచెక్కకు గట్టిగా కొట్టుకున్నాడు.

“చూసుకోండి,” అందామె.

“ఈ తలుపొకటి, ఎప్పుడూ అడ్డమే,” అని భుజం రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తలుపు పెళ్ళయిన కొత్తల్నుంచీ అక్కడే ఉంది. ఆమెకు ఆ మాట వింతగా తోచింది గానీ, అంతలోనే అత్తగారు పిలవడంతో మరిచిపోయింది.

కొన్ని రోజులు ఆ బొమ్మ ఆమెకు మేలే చేసింది. డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పి, సోఫాలో కూర్చుని వలయంలోంచి వలయంలోకి చూపు జార్చుకుంటూ పోయేది. బిందువు చేరేసరికి భుజాలు దిగేవి. కానీ పక్కనే మాస్టారు కూర్చుంటే ఏదో ఒకటి అయ్యేది. ఎడమ పక్క స్టూలు మీద టీ పెడితే, కాసేపాగి, “టీ ఇవ్వవా ఏమిటి?” అని అడిగేవాడు. “అదుగో, పెట్టి ఎంతసేపయింది?” అంటే తల తిప్పి చూసి, “ఇప్పుడే పెట్టి ఎప్పుడో పెట్టానంటావు,” అనేవాడు. ఆమెకు ఒళ్ళు మండేది. వాదన పెంచడం ఇష్టం లేక మళ్ళీ బొమ్మకేసి చూసేది.

ఒక సాయంత్రం ముగ్గురూ ముందు గదిలో ఉన్నారు. అత్తగారు కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతోంది. మాస్టారు చాలాసేపు బొమ్మకేసి చూసి, “మంచిదే తెచ్చావు. మొదట్లో తెలియలేదు గానీ, ఆలోచిస్తే బాగుంది,” అన్నాడు.

ఆయన మెచ్చుకోవడమే అరుదు. ఆమె సంబరపడింది. “ఏం తోచిందేమిటి?”

“ఏముంది, సగమే గీసి వదిలేశాడు కదా. మిగతా సగం మనల్ని ఊహించుకోమని. అందుకే ఇంత ఖాళీ వదిలాడు.”

“సగమేమిటండీ?”

“సగం చక్రం. బిందువు నుంచి కుడివైపుకే ఉంది కదా.”

ఆమె నవ్వబోయింది. ఇలాంటి బొమ్మల్లో ఎవరికి ఏది తోస్తే అదే అర్థం కదా. మాస్టారు కూడా అలాగే ఏదో లోతుగా మాట్లాడుతున్నాడనుకుంది. కానీ అత్తగారు చేతిలో దుప్పటి ఆపి కొడుకుకేసి చూసింది.

“సగమేమిట్రా? నిండా గుండ్రంగా ఉంటేను.”

“అమ్మా, నీ కళ్ళజోడు ఎక్కడ పెట్టావో చూడు ముందు.”

“కళ్ళజోడు మొహానే ఉంది. నువ్వే సరిగ్గా చూడు.”

ఇద్దరూ కలిసి తనని ఆట పట్టిస్తున్నారనుకుని మాస్టారు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు అర్థమైంది. ఆయన వేళాకోళం ఆడడం లేదు. నిజంగానే చెబుతున్నాడు. తలుపుకు కొట్టుకున్న భుజం, స్టూలు మీద చల్లారిపోయిన టీ, కారు మీద గీత, సైకిల్ మనిషి. అన్నీ ఎడమ పక్కే.

ఆమె లేచి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తన గొంతు మారడం తనకే వినిపించింది. అది కంట్రోల్ రూమ్ గొంతు.

“ఏమండీ, ఒక్కసారి నవ్వండి.”

“ఇప్పుడేగా నవ్వాను.”

“మళ్ళీ నవ్వండి. రెండు చేతులూ చాచి పైకెత్తండి. మీ పేరూ, ఇంటి అడ్రసూ చెప్పండి.”

విసుక్కుంటూనే అన్నీ చేశాడు. మూతి వంకర పోలేదు. చేయి వాలలేదు. మాట తడబడలేదు. పక్షవాతం అనుమానం వస్తే రోజూ ఫోనులో ఎంతోమందికి చెప్పి చేయించే పరీక్షలు అవి. మూడింట్లోనూ ఆయన బాగానే ఉన్నాడు. ఆమెకు ఒక్క క్షణం ఊపిరి ఆడింది. మరుక్షణమే, తన చూపుడు వేలు ఆయన ఎడమ కణత పక్కగా పెట్టి కదిలించింది.

“నా ముక్కు మీదనుంచి చూపు తిప్పకండి. నా వేలు కనిపిస్తోందా?”

“ఏ వేలు?”

అత్తగారి చేతిలో దుప్పటి జారి నేలమీద పడింది.

“నాకేం కాలేదు,” అన్నాడు మాస్టారు. “అలసటగా ఉంది, అంతే. రేపు పొద్దున ఒక అమ్మాయికి లైసెన్సు టెస్టుంది. నేను పక్కన లేకపోతే బెదిరిపోతుంది.” లేచి కారు తాళాల కోసం వెతికాడు. తాళాలు బల్ల మీద ఎడమ అంచున, చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. ఆయన బల్లంతా తడిమాడు. “ఇక్కడే పెట్టాను. ఎవరు తీశారు?”

ఆమె వాటిని తీసి అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ వాటిని బొడ్లో దోపుకుని, “నన్ను కొట్టి తీసుకోరా, చూస్తాను,” అంది. కొడుకుతో ఆవిడ అంత కటువుగా మాట్లాడడం కోడలు ఎప్పుడూ వినలేదు. మాస్టారు సోఫాలో కూలబడ్డాడు. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో భయం కనిపించింది.

ఆమె ఫోను తీసి తను రోజూ ఎత్తే నంబరుకే చేసింది. అవతల షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఎత్తింది. ఎంత తెలిసిన గొంతు అది.

“చెప్పండి, నేను వింటున్నాను. ముందు మీరున్న చోటు చెప్పండి,” అంది ఇన్‌ఛార్జి.

చోటు. తన ఇంటి నంబరు. అది ఆమెకు గుర్తుకు రాలేదు. తలుపు తీసుకుని బయటికి పరిగెత్తి, గోడమీదున్న నంబరు చూసి చదివింది.

“నువ్వా?” అంది అవతలి గొంతు. ఆ తర్వాత ఇంకేమీ అడగకుండా, “బండి వస్తోంది. నాతో మాట్లాడుతూనే ఉండు,” అంది.

ఆసుపత్రిలో స్కానింగు తీశారు. డాక్టరు వయసులో చిన్నది. తొందర లేకుండా ఇద్దరికీ కలిపి చెప్పింది. మెదడు వెనకవైపు ఒక రక్తనాళం మూసుకుపోయిందట. అది ఈ రోజుది కాదట, కొన్ని వారాలదట. కళ్ళు రెండూ బాగానే ఉన్నాయట. కళ్ళు చూసిన దాన్ని మెదడు అందుకోవాల్సిన చోటే దెబ్బతిని, రెండు కళ్ళకూ ఎడమ సగం పోయిందట.

“మరి నాకు తెలియదా?” అన్నాడు మాస్టారు. “చీకటిగా ఉంటే తెలిసేది కదా.”

“చీకటిగా ఉండదండీ. అసలు ఏమీ ఉండదు. మీ వీపు వెనక ఏముందో మీకు చీకటిగా కనిపిస్తోందా? కనిపించదు, అంతే. ఇదీ అలాంటిదే.” డాక్టరు ఆగి, “మెడలో ఒక నాళం కూడా బాగా సన్నబడింది. అది ఇప్పుడు దొరకడం మీ అదృష్టం. దొరక్కపోతే ఈసారి వచ్చేది చూపుతో ఆగేది కాదు,” అంది.

మెడకు ఆపరేషను చేశారు. ఆ గది బయట కూర్చున్నంతసేపూ ఆమెకు ఒకటే ఆలోచన. రోజంతా ఎవరెవరి మొగుళ్ళనో నవ్వమనీ, చేతులెత్తమనీ చెప్పే తను, పక్కనే కూర్చున్న మనిషి సగం లోకం పోగొట్టుకుంటే, టీ చల్లారిందని పోట్లాడింది. ఇన్‌ఛార్జి వచ్చి పక్కన కూర్చుంది. “తిన్నావా?” అని అడిగి, లేదంటే బన్ను తెచ్చిచ్చింది.

మాస్టారు ఇంటికి వచ్చాడు. ప్రాణగండం గడిచింది. ఎడమ చూపు మాత్రం తిరిగి రాలేదు, వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఇక కారు నడపడం, నేర్పడం కుదరదన్నారు. డ్రైవింగ్ స్కూలు యజమాని వచ్చి, గదిలో కూర్చుని రోడ్డు నియమాలు బోధించే పని ఇస్తానన్నాడు. మాస్టారు అవునని గానీ కాదని గానీ అనకుండా పంపించేశాడు.

ఆ రోజుల్లో ఆ బొమ్మ ఆమెకు చూడబుద్ధి కాలేదు. అందులోంచి ఏదో బయటికి వస్తుందని భయం. సోఫా తిప్పి వేసింది. అయినా ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా వీపు మీద చల్లగా ఉన్నట్టనిపించేది. మాస్టారు నీళ్ళ గ్లాసు అందుకుంటే చూసేది. మెట్లు దిగితే చూసేది. నిద్రపోతుంటే రొమ్ము ఎగసిపడుతోందో లేదో చూసేది. ఆఖరికి ఒక ఆదివారం పొద్దున బొమ్మ దించి పాత దుప్పటి చుట్టింది.

“ఎక్కడికి?” అన్నాడు మాస్టారు.

“మార్చి ఇస్తానందావిడ. ఇంకోటి తెస్తాను.”

“నేనూ వస్తాను.”

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన వీధిలోకి వెళ్ళడం అదే మొదలు. వద్దనడానికి ఆమె నోరు తెరిచింది. అత్తగారు వంటింట్లోంచి, “వెళ్ళనీ అమ్మాయ్. ఇంట్లో మొగుణ్ణి కాపలా కాసీ కాసీ నీకే ఏదో అయ్యేలా ఉంది,” అంది.

దుకాణంలో మాస్టారు ప్రతి బొమ్మ ముందూ ఆగాడు. ఆసుపత్రిలో నేర్పిన ప్రకారం ముందు మెడను బాగా ఎడమకు తిప్పి, ఫ్రేము అంచు దొరికేదాకా పోయి, అక్కడినుంచి మెల్లగా కుడికి రావాలి. ఒక్కొక్క బొమ్మకు చాలాసేపు పట్టింది. దుకాణం ఆవిడ చేతిలో గుడ్డ ఆపి చూస్తూ, ఆమెతో గుసగుసగా, “మీవారు బొమ్మలు వేస్తారా అమ్మా? ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళని నేను చూడలేదు,” అంది.

ఆ మాట మాస్టారికి వినిపించింది. “లేదమ్మా, నేను కారు నేర్పేవాణ్ణి,” అన్నాడు. నేర్పేవాణ్ణి అన్న మాట ఆయన నోటివెంట రావడం ఆమె అదే మొదటిసారి వినడం.

ఆయన ఒక పొడుగాటి బొమ్మ దగ్గర ఆగిపోయాడు. దానికి మధ్యంటూ లేదు. బూడిద రంగు మొదలై, గులాబీ అయి, నారింజ అయి, చివరికి ఏ పేరూ పెట్టలేని వెలుగై పోయింది.

“ఇది తీసుకుందాం. దీన్ని చూడాలంటే మెడ తిప్పక తప్పదు.”

“అయితే ఆ పాతది ఇటివ్వండి,” అంది దుకాణం ఆవిడ.

మాస్టారు దుప్పటి చుట్టిన బొమ్మ మీద చెయ్యి వేశాడు. “అది ఇవ్వం. అది రాకపోతే ఈపాటికి నేను ఎవణ్ణో ఒకణ్ణి చంపేసి ఉండేవాణ్ణి. లేదా నేనే పోయి ఉండేవాణ్ణి.”

దుకాణం ఆవిడకు ఏమీ అర్థం కాక ఆమెకేసి చూసింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, “రెండూ ఉంచుకుంటాం,” అంది.

బయటికి వచ్చాక ఆటో దొరకలేదు. పెద్ద రోడ్డు దాటి అవతలికి వెళ్ళాలి. వలయం బొమ్మ ఆయన చంకలో, పొడుగు బొమ్మ ఆమె చేతుల్లో. ఆమె నెమ్మదిగా ఆయన ఎడమ పక్కకు జరిగింది. వాహనాలు రయ్యిన పోతున్నాయి. చెయ్యి ఖాళీ లేక మోచేత్తో ఆయన చొక్కా అంచును తనకేసి అదిమిపెట్టుకుంది.

“నువ్వు కుడివైపుకి రా,” అన్నాడు మాస్టారు.

“ఫరవాలేదు లెండి.”

“నువ్వక్కడుంటే నేను తిరిగి చూడను. నువ్వు చూస్తావులే అనుకుంటాను. అలవాటైపోతుంది. రేపు స్కూలుకి ఒక్కణ్ణే వెళ్ళాలి కదా.”

“ఏ స్కూలుకి?”

“రోడ్డు నియమాలు చెప్పమన్నాడుగా. చెప్తాను. ఆ క్లాసుల్లో సగంమంది నిద్రపోతారు, చూద్దాం.”

ఆమెకు కదలాలనిపించలేదు. అయినా కుడివైపుకు వచ్చింది. ఆయన అంచున ఆగి, మెడను ఎడమ భుజం మీదికి వచ్చేదాకా తిప్పి చూశాడు, కుడికి చూశాడు, మళ్ళీ ఎడమకు తిప్పాడు. ఒక లారీ పోయింది. దాని వెనక ఒక మోటారు సైకిల్ పోయింది. ఆమె తను చూసినవన్నీ నోరు విప్పి చెప్పేయకుండా పెదవి కొరుక్కుంది.

“ఇప్పుడు,” అన్నాడు ఆయన.

ఇద్దరూ రోడ్డు మీదికి దిగారు.